జేబులో పట్టే చిన్న పిస్టల్‌ను ఎలా ఎంచుకోవాలి

రాత్రి పదకొండు దాటాక గ్యాస్ స్టేషన్ కట్టేసి ఆనాటి వసూళ్ళతో కారు దాకా ఒంటరిగా నడిచేవారు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని నిర్మానుష్యమైన పార్కింగ్ గరాజ్‌లోకి దిగేవారు అమెరికాలోని మన తెలుగువారిలో తక్కువేమీ కాదు. వారిలో కొందరికి ఏదో ఒక రోజున, చట్టబద్ధంగా ఒక చిన్న పిస్టల్ కొని వెంట ఉంచుకుంటే బాగుంటుందన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచనతో తుపాకుల దుకాణానికి వెళ్ళినవారు చాలావరకు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: వీటిలో అన్నిటికంటే చిన్నది, తేలికైనది ఏది? టెక్సస్‌లో నేను మొదటిసారి కొన్నప్పుడు అడిగిన ప్రశ్న కూడా అదే. ఇంటికి తెచ్చుకున్న పిస్టల్ జేబులో ఉందో లేదో తెలియనంత తేలికగా ఉండేది. అయితే రేంజ్‌లో (కాల్పుల సాధన చేసే చోట) రెండు మ్యాగజైన్లు (పిడిలో అమర్చే తూటాల పెట్టెలు) కాల్చేసరికి బొటనవేలి మొదలు కందిపోయింది, ఆ తర్వాత నాలుగైదు నెలల పాటు దాన్ని మళ్ళీ కాల్చబుద్ధి కాలేదు. అన్ని నెలలూ అది నా జేబులోనే ఉంది. సాధన లేని చేతితో దాన్ని మోస్తూ తిరగడం ఎంత ప్రమాదకరమో నాకు ఆలస్యంగా తెలిసింది. అందువల్ల ఈ వ్యాసంలో ఎంపికను తేలికతో మొదలుపెట్టడం లేదు. మీరు నెలకొకసారైనా ఇబ్బంది లేకుండా కాల్చగల పిస్టళ్ళు ఏవో ముందు తేల్చుకుని, వాటిలో మీ జేబుకు సరిపోయేదాన్ని తీసుకునే పద్ధతిని వరుసగా వివరిస్తాను.

ముందుగా మీ వీసా సంగతి చూసుకోండి

దుకాణానికి బయలుదేరే ముందే తేల్చుకోవలసిన విషయం ఇది. హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1, బి2 వంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద అమెరికాలో ఉంటున్నవారు తుపాకీని గానీ, తూటాలను గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉండి, ఇల్లు కొని, పన్నులు కడుతూ, గ్రీన్ కార్డు వరుసలో నిలబడి ఉన్నా ఈ నిషేధం వర్తిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ ఎవరో స్నేహితుడు చెప్పాడని వాటిని నమ్ముకుని ఆత్మరక్షణ పిస్టల్ కొనడం మంచిది కాదు. ఇమిగ్రేషన్ చట్టమూ తుపాకుల చట్టమూ రెండూ తెలిసిన లాయరుతో మాట్లాడాకే అడుగు వేయండి. కొనకపోయినా, వారాంతంలో స్నేహితుడి తుపాకీ తీసుకుని రేంజ్‌లో సరదాగా నాలుగు తూటాలు కాల్చడం కూడా కలిగి ఉండటం కిందికే వస్తుందని గుర్తుంచుకోవాలి. మన కుర్రవాళ్ళు చాలామంది ఈ సంగతి తెలియకుండానే ఫోటోలు తీసి అందరికీ పంపుతుంటారు.

గ్రీన్ కార్డు ఉన్నవారు కొనవచ్చు. లైసెన్సు ఉన్న డీలరు నుంచి చేతి తుపాకీ కొనాలంటే 21 ఏళ్ళు నిండి ఉండాలి, 4473 నంబరు ఫారం నింపాలి, నేపథ్య తనిఖీ పూర్తి కావాలి. ఆ ఫారంలో పౌరసత్వం గురించి అడిగే గడిని తొందరలో తప్పుగా నింపకండి. పౌరులు కానివారు పౌరులమని రాయడం ఇమిగ్రేషన్ పరంగా దాదాపు కోలుకోలేని పొరపాటు. అలాగే తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవారిని దేశం నుంచి పంపించివేసే అవకాశం ఉంది కాబట్టి, పౌరుడికి జరిమానాతో పోయే పొరపాటు మీకు నివాసాన్నే దూరం చేయవచ్చు.

దీని తర్వాత రాష్ట్ర చట్టం. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, అర్హత ఉన్న 21 ఏళ్ళు దాటినవారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీని వెంట ఉంచుకోవచ్చు. అయినా లైసెన్సు తీసుకోమనే నా సలహా, ఎందుకంటే ఇతర రాష్ట్రాలు చాలావరకు దాన్ని గుర్తిస్తాయి, పైగా బడికి వెయ్యి అడుగుల లోపు వర్తించే ఫెడరల్ నిషేధం నుంచి మినహాయింపు ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికే దొరుకుతుంది. పిల్లల్ని రోజూ బడి దగ్గర దింపేవారికి ఇది చిన్న విషయం కాదు. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాలలో అనుమతి పత్రం లేకుండా వెంట ఉంచుకోవడం నేరం, మ్యాగజైన్‌లో పదికి మించి తూటాలు పట్టకూడదు. కాలిఫోర్నియాలో రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉన్న నమూనాలనే డీలర్లు కొత్తగా అమ్మగలరు, న్యూజెర్సీలో హాలో పాయింట్ (మొన బోలుగా ఉండి, తగిలాక విచ్చుకునే) బుల్లెట్లకు వేరే నిబంధనలున్నాయి. ఈ నిబంధనలు తరచు మారుతుంటాయి కాబట్టి కొనే వారంలోనే మీ రాష్ట్ర పోలీసు శాఖ ప్రకటించిన నిబంధనలను స్వయంగా చదవండి.

జేబును అట్టముక్కతో కొలవండి

పిస్టల్‌ను చూడకముందు మీ ప్యాంట్లను చూడండి. రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్ సుమారు 5.2 అంగుళాల పొడవు, 4.1 అంగుళాల ఎత్తు ఉంటుంది. సిగ్ పీ365 పొడవు 5.8 అంగుళాలు, ఎత్తు 4.3 అంగుళాలు. స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్ పొడవు 6.3 అంగుళాలు, మధ్యలో తూటాల చక్రం దగ్గర మందం 1.3 అంగుళాలు. అంకెలుగా చూస్తే వీటి మధ్య పెద్ద తేడా కనిపించదు. కాబట్టి మందపాటి అట్టను ఈ కొలతలకు తుపాకీ ఆకారంలో కత్తిరించి, వారంలో మీరు నిజంగా వేసుకునే ప్రతి ప్యాంటు ముందు జేబులోనూ పెట్టి చూడండి. నిలబడి, కుర్చీలో కూర్చుని, కారు సీటు బెల్టు పెట్టుకుని చూడండి. పిడి అంచు జేబు నోటికి పైన కనిపించకూడదు, అలాగని మీ వేళ్ళకు అందనంత లోతుకు జారిపోకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, అట్టను పట్టుకున్న పిడికిలి జేబులోంచి బయటికి రావాలి. జేబులోకి చేతివేళ్ళు చాపి పెట్టడం తేలికే, పిడికిలి బిగించాక అదే నోటి గుండా బయటికి రావడం ఎంత కష్టమో ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

కాటన్ చినోస్, ఆఫీసు ప్యాంట్ల జేబులు ఈ పనికి బాగుంటాయి. బిగుతు జీన్స్ పనికిరావు, ఎందుకంటే ఆకారం బయటికి అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది. పండుగలకు, గుడికి వేసుకునే కుర్తా పక్క జేబులు పలచటి బట్టతో వేలాడుతూ ఉంటాయి, అందులో మూడు వందల గ్రాములు పెడితే కుర్తా ఒకవైపు లాగేసి నడకకు ఊగుతుంది. ఆ దుస్తుల్లో ఉన్న రోజున పిస్టల్‌ను ఇంట్లో తాళం వేసి ఉంచడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. ఆడవారి ప్యాంట్లకు అసలు పనికొచ్చే జేబులు కుట్టరు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోదలచినవారు తుపాకీ కోసమే ప్రత్యేకంగా అర ఉన్న బ్యాగును, ఆ అరలో బిగించే హోల్‌స్టర్‌ను (తుపాకీని పట్టి ఉంచే ఒరను) తీసుకోవాలి. పైగా ఆ బ్యాగును షాపింగ్ బండిలో వదలడం, పార్టీలో మంచం మీద అందరి బ్యాగులతో కలిపి పెట్టడం అనే అలవాట్లు పూర్తిగా మానుకోవాలి.

తూటాను ఎంచుకోండి

జేబు పిస్టళ్ళ చరిత్రలో అమెరికన్ తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ పేరు లేని పేజీ దొరకడం కష్టం. .25, .32, .380 ఏసీపీ తూటాలు మూడూ ఆయన రూపొందించినవే (ఈ అంకెలు బుల్లెట్ వ్యాసాన్ని సుమారుగా అంగుళాల్లో చెబుతాయి). వీటిలో .380 తూటా 1908లో కోల్ట్ జేబు పిస్టల్‌తో పాటు వచ్చింది. ఈనాటికీ అతి చిన్న పిస్టళ్ళకు అదే ప్రధానమైన తూటా. ఇందులో 90 నుంచి 95 గ్రెయిన్ల (బుల్లెట్ల బరువుకు వాడే చిన్న కొలమానం) బరువున్న బుల్లెట్ ఉంటుంది. 9 ఎం.ఎం. తూటాలో 115 నుంచి 147 గ్రెయిన్ల బుల్లెట్ ఉంటుంది, దాని శక్తి .380 శక్తికి ఒకటిన్నర రెట్ల పైమాటే.

1986లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లను కోల్పోయిన తర్వాత ఎఫ్‌బీఐ తూటాలను పరీక్షించే పద్ధతిని కొత్తగా రూపొందించింది. కండరాన్ని అనుకరించే ప్రామాణిక జెలటిన్ దిమ్మలో బుల్లెట్ కనీసం 12 అంగుళాల లోతుకు వెళ్ళాలి, 18 అంగుళాలు దాటకూడదు. మంచి రకం 9 ఎం.ఎం. హాలో పాయింట్ తూటాలు చాలావరకు ఈ పరీక్షలో నెగ్గుతాయి. .380 విషయంలో, రెండు ముప్పావు అంగుళాల చిన్న బారెల్ (గొట్టం) నుంచి బుల్లెట్ వేగం తగ్గిపోవడం వల్ల, హాలో పాయింట్ విచ్చుకుంటే లోతు చాలకపోవడం, విచ్చుకోకపోతే లోతుగా దూసుకుపోవడం అనే ఇబ్బంది ఉంది. అందుకే ఏ కంపెనీ తూటా మీ పిస్టల్ బారెల్ పొడవులో ఎలా పనిచేస్తుందో పరీక్ష ఫలితాలు చూసి మరీ కొనాలి. .22 తూటా చవక, తన్ను (పేలినప్పుడు తుపాకీ వెనక్కి వచ్చి చేతికి తగిలే దెబ్బ) దాదాపు ఉండదు, కానీ అంచు మీద కొడితే పేలే నిర్మాణం కావడం వల్ల పేలకుండా ఉండిపోయే తూటాలు ఎక్కువ. సాధనకు అది చక్కటిది. చేతుల్లో బలం బాగా తగ్గిన వృద్ధులకు తప్ప, రక్షణకు నేను దాన్ని సూచించను. .32 తూటాను కూడా తేలిగ్గా తీసిపారేయనక్కరలేదు, కెల్‌టెక్ పీ32 ఖాళీగా 190 గ్రాముల లోపే ఉండి కూడా .380 కంటే మెత్తగా తన్నుతుంది.

ధర మరువకండి. .380 తూటాలు సాధారణంగా 9 ఎం.ఎం. కంటే ఖరీదు. ఏడాదికి ఐదారు వందల తూటాలు కాల్చేవారికి ఆ తేడా కొన్నేళ్ళలో చెప్పుకోదగ్గ మొత్తమే అవుతుంది.

బరువు తగ్గిస్తే చెల్లించే మూల్యం

ఇక్కడ కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ఎంపిక అంతా ఈ ఒక్క విషయం మీదనే నిలుస్తుంది. తుపాకీ పేలినప్పుడు బుల్లెట్ ముందుకు ఎంత ద్రవ్యవేగంతో వెళుతుందో అంత ద్రవ్యవేగంతో తుపాకీ వెనక్కి వస్తుందని మనం బడిలో చదువుకున్నాం. ద్రవ్యవేగం అంతే ఉండి తుపాకీ బరువు సగమైతే, అది వెనక్కి వచ్చే వేగం రెట్టింపవుతుంది, మీ చేతికి తగిలే శక్తి కూడా రెట్టింపవుతుంది. అంటే 9 ఎం.ఎం. కంటే .380 చిన్న తూటా కాబట్టి మెత్తగా తన్నుతుందనుకోవడం పూర్తి నిజం కాదు. 270 గ్రాముల పిస్టల్‌లో .380 తూటా, 500 గ్రాముల పిస్టల్‌లో 9 ఎం.ఎం. తూటా, రెండూ కాల్చి చూసినవారిలో చాలామంది రెండోదే హాయిగా ఉందంటారు. దీనికి తోడు అతి చిన్న పిస్టల్ పిడి సన్నగా, రెండు వేళ్ళకే సరిపోయేలా ఉంటుంది. చిటికెన వేలు గాలిలో ఉండటం వల్ల ప్రతి తూటాకూ పిస్టల్ చేతిలో కదులుతుంది, మళ్ళీ పట్టు సరిచేసుకోవాల్సి వస్తుంది.

రివాల్వర్లలో ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది. స్మిత్ అండ్ వెసన్ 642 అల్యూమినియం ఫ్రేముతో 410 గ్రాముల దాకా ఉంటుంది, .38 స్పెషల్ తూటాలు ఐదు పడతాయి, తన్ను గట్టిగానే ఉన్నా అలవాటు చేసుకోవచ్చు. అదే కంపెనీ 340పీడీ స్కాండియం మిశ్రమంతో 340 గ్రాముల లోపే ఉండి .357 మ్యాగ్నం తూటా కాలుస్తుంది. దాన్ని ఒకసారి కాల్చినవారు రెండో తూటాకు ముందే కళ్ళు మూసుకోవడం నేను చూశాను. కళ్ళు మూసుకుని, తూటా పేలకముందే మణికట్టు కిందికి వంచే ఈ భయం ఒకసారి శరీరానికి అలవాటైతే పోగొట్టడం చాలా కష్టం. కొత్తవారికి అతి తేలికైన తుపాకీని మొదటి తుపాకీగా ఇవ్వవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

బరువును లెక్కించేటప్పుడు తూటాలతో కలిపి లెక్కించండి. .380 తూటా కాల్చే రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్ ఖాళీగా 300 గ్రాములు, మ్యాగజైన్‌లో పది, చాంబర్‌లో (తూటా పేలడానికి సిద్ధంగా ఉండే అరలో) ఒకటి కలిపి 11 తూటాలతో దాదాపు 400 గ్రాములు. 9 ఎం.ఎం. తూటా కాల్చే పీ365 ఖాళీగా 505 గ్రాములు, 11 తూటాలతో 630 గ్రాములు దాటుతుంది. ఇంటి దగ్గర 630 గ్రాముల కందిపప్పు పొట్లం జేబులో వేసుకుని సాయంత్రం దాకా పనులు చేసుకోండి. ఇబ్బంది అనిపించకపోతే మీరు 9 ఎం.ఎం. వైపు నిస్సందేహంగా వెళ్ళవచ్చు, ఇబ్బంది అనిపిస్తే .380 వైపు చూడండి.

ఏ నమూనా ఎవరికి

మామూలు చేతి బలం ఉండి, కాస్తో కూస్తో సాధన చేయడానికి సిద్ధపడినవారు జేబు కోసమే చూస్తున్నట్టయితే 2021లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్, 2024లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ బాడీగార్డ్ 2.0 ముందుగా పరిశీలించదగినవి. 2008 నాటి తొలి ఎల్‌సీపీలో ఆరు తూటాలే పట్టేవి, సైట్లు (గురి చూసే గుర్తులు) స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి, ముందుకు జరిగే లోహపు భాగం) మీద రెండు గీతల్లా ఉండి గురి చూడటానికి ఉన్నా లేనట్టే అనిపించేవి. కొత్త రెండింటిలోనూ సైట్లు కంటికి ఆనుతాయి, తూటాలు పది పట్టినా మందం జేబుకు ఇబ్బందయ్యేంత పెరగలేదు. ట్రిగ్గర్ మాత్రం పాతదానికంటే తేలికైంది. జేబులో పెట్టుకునే పిస్టల్‌కు తేలిక ట్రిగ్గర్ పూర్తిగా మంచిదని నేను అనను. అది మీకు ఆందోళన కలిగిస్తే రెండు నమూనాల్లోనూ బొటనవేలితో వేసే సేఫ్టీ ఉన్న రకం దొరుకుతుంది, అదే తీసుకోండి, బయటికి తీస్తూనే సేఫ్టీ దించే సాధన చేయండి.

గ్లాక్ 42 వీటికంటే కొంచెం పెద్దది, ఖాళీగా 390 గ్రాములు, మ్యాగజైన్‌లో ఆరు తూటాలే. కానీ నేను కొత్తవారి చేతికి ఇచ్చిన .380 పిస్టళ్ళలో అంత మెత్తగా కాలేది మరొకటి లేదు. జేబు లోతుగా ఉండి, తూటాల సంఖ్య కంటే గురి ముఖ్యమనుకునేవారికి నేను మొదట చూపించేది దాన్నే.

స్లైడ్‌ను వెనక్కి లాగడానికి చేతి బలం చాలని వారికి రివాల్వర్ మంచి మార్గం. 642 గానీ, 2009లో వచ్చిన రూగర్ ఎల్‌సీఆర్ గానీ బట్టకు తగిలే హ్యామర్ (తూటాను పేల్చడానికి వెనక నుంచి కొట్టే కొక్కెం) బయటికి లేకుండా నున్నగా ఉంటాయి, స్లైడ్ లాగవలసిన పని లేదు, పట్టు వదులైనా తూటా ఇరుక్కోదు. అయితే వాటి ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా ఉంటుంది. స్లైడ్ లాగలేని వేళ్ళు ఆ ట్రిగ్గర్‌ను ఐదుసార్లు వరుసగా లాగగలవో లేదో దుకాణంలోనే, ఖాళీ తుపాకీతో, విక్రేత అనుమతి తీసుకుని పరీక్షించాలి.

పాత నమూనాల అందం చూసి మోజుపడేవారికి ఒక మాట. వాల్తర్ పీపీకే వంటి పిస్టళ్ళలో స్లైడ్ తన బరువుతోనూ, స్ప్రింగు బలంతోనూ మాత్రమే పేలుడును ఆపుతుంది. అందువల్ల ఆ స్ప్రింగు గట్టిగా ఉంటుంది, బరువెక్కువైనా తన్ను పదునుగా తగులుతుంది. ఈనాటి చిన్న పిస్టళ్ళలో బారెల్, స్లైడ్ కాసేపు కలిసి వెనక్కి వచ్చి తర్వాత విడిపోతాయి. వాడిన పిస్టల్ కొనేవారు కూడా జాగ్రత్తపడాలి. తొలి ఎల్‌సీపీలు కొన్ని కిందపడితే పేలే ప్రమాదం ఉందని 2008లో తయారీదారే వెనక్కి పిలిపించి భాగాలు మార్చింది. కాబట్టి పాతది కొంటే సీరియల్ నంబరు చెప్పి ఆ మార్పు జరిగిందో లేదో కనుక్కున్నాకే డబ్బు చెల్లించండి.

అద్దెకు తీసుకుని కాల్చి చూడండి

డాలస్, హ్యూస్టన్, అట్లాంటా వంటి నగరాల చుట్టూ పిస్టళ్ళను అద్దెకిచ్చే రేంజ్‌లు ఉన్నాయి. మీ జాబితాలో మిగిలిన రెండు మూడు నమూనాలను ఒకే రోజున, ఒక్కొక్కటి యాభై తూటాల చొప్పున కాల్చండి. మొదట మూడు గజాల దూరంలో, తర్వాత ఐదు, చివరికి ఏడు గజాల దూరంలో లక్ష్యం పెట్టి నెమ్మదిగా ఐదేసి తూటాలు కాల్చండి, అవి మీ అరచేయంత వెడల్పులో పడుతున్నాయో లేదో రాసుకోండి. ఎంత బాగా తగిలాయన్నది ఎంత ముఖ్యమో, నలభయ్యో తూటా దగ్గర మీ చేయి ఏమంటోందన్నది అంతకంటే ముఖ్యం. ఇంకో పెట్టె తూటాలు కొనాలనిపించిన పిస్టల్‌ను ఇంటికి తెచ్చుకోండి. అక్కడ శిక్షకుడు ఉంటే ఒక గంట డబ్బిచ్చి నేర్చుకోవడానికి సిగ్గుపడవద్దు. ఎప్పుడూ తుపాకీ కాల్చనివారు శిక్షకుడు లేకుండా మొదలుపెట్టనే కూడదు.

హోల్‌స్టర్ లేనిదే జేబులో పెట్టవద్దు

పిస్టల్‌తో పాటు అదే రోజున హోల్‌స్టర్ కొనండి. దానికి మూడు పనులున్నాయి. ట్రిగ్గర్‌ను పూర్తిగా గట్టి పొరతో కప్పి ఉంచాలి, పిస్టల్‌ను జేబులో నిటారుగా నిలబెట్టాలి, పిస్టల్ బయటికి తీసినప్పుడు తాను జేబులోనే ఉండిపోవాలి. బయటి వైపు చదునుగా ఉన్నవి జేబులో పర్సు ఉన్నట్టే కనిపిస్తాయి. ఆ జేబులో తాళాలు, చిల్లర, ఫోను, ఇయర్‌ఫోన్ల తీగ, చివరికి రుమాలు కూడా ఉండకూడదు. ట్రిగ్గర్ గార్డులోకి తాళంచెవి దూరి పిస్టల్ పేలడం ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. వెనక జేబులో ఎప్పుడూ పెట్టవద్దు. పిస్టల్‌ను మళ్ళీ హోల్‌స్టర్‌లో పెట్టాలంటే, జేబులో ఉన్న హోల్‌స్టర్‌లోకి గుచ్చకండి. హోల్‌స్టర్‌ను బయటికి తీసి, పిస్టల్‌ను అందులో నిదానంగా పెట్టి, రెండింటినీ కలిపి జేబులో పెట్టండి.

కూర్చుని ఉన్నప్పుడు, ముఖ్యంగా కారులో, ముందు జేబులోంచి పిస్టల్ తీయడం దాదాపు అసాధ్యమని కూడా తెలుసుకోండి. రోజులో ఎక్కువ భాగం కారులో గడిపేవారికి జేబు సరైన చోటు కాదు, నడుము పట్టీకి పెట్టే హోల్‌స్టర్ మంచిది. అప్పుడు అంత చిన్న పిస్టల్ అవసరమే ఉండదు, కొంచెం పెద్దదాన్ని హాయిగా తీసుకోవచ్చు.

కొన్న తర్వాత మొదటి నెల

కొత్త పిస్టల్‌ను వెంటనే జేబులో వేసుకోవద్దు. సాధన తూటాలు రెండు వందలు, మీరు మోయదలచిన తూటాలు కనీసం యాభై, ఒక్కటీ ఇరుక్కోకుండా కాల్చాకే దాన్ని నమ్మండి. ఇరుక్కుంటే ముందు మీ పట్టును పరిశీలించండి, ఎందుకంటే తేలిక పిస్టళ్ళలో మణికట్టు వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్ళక తూటా ఇరుక్కుంటుంది. పట్టు బాగానే ఉండి, తూటా రకం మార్చినా అదే జరిగితే తయారీదారుకు తిప్పి పంపండి.

జేబు నూగు ఈ పిస్టళ్ళకు పెద్ద శత్రువు. వారానికొకసారి తూటాలన్నీ తీసి, చాంబర్‌ను కంటితో చూసి వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకుని, తూటాలను వేరే గదిలో ఉంచాక బ్రష్షుతో దులపండి. నూనె ఎక్కువ రాస్తే నూగు ఇంకా అంటుకుంటుంది కాబట్టి ఒక చుక్క చాలు. ప్రతిసారీ అదే తూటాను చాంబర్‌లోకి ఎక్కించడం మానండి. పదేపదే ఎక్కిస్తే బుల్లెట్ లోపలికి నొక్కుకుపోయి, కాల్చినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు. కొత్త తూటా పక్కన పెట్టి చూసి, పొట్టిగా అనిపించినదాన్ని వాడకుండా తీసివేయండి.

ఇంట్లో

మన ఇళ్ళలో ఆరు నెలలకొకసారి తల్లిదండ్రులో అత్తమామలో వచ్చి ఉంటారు, వారాంతాల్లో పది కుటుంబాల పిల్లలు మేడమీద గదులన్నీ తిరుగుతారు. జేబులోంచి తీసిన పిస్టల్ టీవీ బల్ల మీదికో, దిండు కిందికో, బీరువా పై అరలోకో పోకూడదు. ఒంటి మీద లేని ప్రతి నిమిషమూ అది సంఖ్యల తాళమున్న చిన్న ఇనుప పెట్టెలో ఉండాలి, ఆ సంఖ్య మీకొక్కరికే తెలియాలి. బి2 వీసా మీద వచ్చిన మీ నాన్నగారికి గానీ, హెచ్4 మీద ఉన్న మీ భాగస్వామికి గానీ ఆ పెట్టె తెరిచే వీలుంటే చట్టం దృష్టిలో వారి చేతిలో కూడా తుపాకీ ఉన్నట్టే కావచ్చు.

ఇంకొక విషయం మనవాళ్ళు మాట్లాడటానికి వెనకాడతారు. అమెరికాలో తుపాకులతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, లేదా ప్రసవం తర్వాత ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉన్నట్టయితే, ఆ కాలంలో పిస్టల్ కొనే ఆలోచన మానండి. ఇప్పటికే ఉంటే, మీ రాష్ట్ర చట్టం అనుమతించే విధంగా నమ్మకమైనవారి దగ్గరో డీలరు దగ్గరో ఇంటి బయట భద్రపరచండి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవారికి సాయం చేసే 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

తీసుకెళ్ళకూడని చోట్లు

పోస్టాఫీసు, బడి, విమానాశ్రయంలో తనిఖీ దాటిన ప్రాంతం దాదాపు ఎక్కడైనా నిషిద్ధమే. టెక్సస్‌లో ఆదాయంలో 51 శాతం గానీ, అంతకు మించి గానీ అక్కడే తాగే మద్యం అమ్మకం నుంచి వచ్చే చోట్ల ఎర్రటి 51 బోర్డు ఉంటుంది, అక్కడికి తీసుకెళ్ళకూడదు. గుడి నిర్వాహకులు తలుపు దగ్గర నిషేధం బోర్డు పెడితే దాన్ని గౌరవించాలి. బోర్డు లేకపోయినా, చెప్పులతో పాటు దాన్ని కూడా బయటే వదిలి వెళ్ళాలనిపిస్తే కారులో బిగించిన తాళపు పెట్టెలో ఉంచండి, కారు అరలో వదిలేసి పోకండి.

ఇండియా ప్రయాణం దగ్గర మాత్రం ఏమాత్రం ఏమరుపాటు పనికిరాదు. రేంజ్‌కు తీసుకెళ్ళిన సంచి అడుగున జారిపోయిన ఒకే ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయంలో స్కానర్‌కు చిక్కితే, ఆయుధాల చట్టం 1959 కింద కేసు నమోదవుతుంది, పెళ్ళికో తల్లి ఆపరేషన్‌కో వచ్చిన మనిషి పోలీస్ స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది. రేంజ్ కోసం ఒక సంచిని విడిగా పెట్టుకుని, దానిలో బట్టలు గానీ, పిల్లల పుస్తకాలు గానీ ఎప్పుడూ సర్దకండి. విమానం ఎక్కే ముందు రోజున సూట్‌కేసులు, కోటు జేబులు, ల్యాప్‌టాప్ బ్యాగు లోపలి చిన్న అరలు అన్నీ నేల మీద బోర్లించి దులిపి, మరొకరి చేత కూడా ఒకసారి చూపించండి.